ఎలుకగారి క్లబ్బూ, బాతుగారి పండితులూ

‘అభిమాన సంఘం’ అనగానే మన తెలుగువాళ్ళ కళ్ళముందు ఏం కదుల్తుందో వేరే చెప్పక్కర్లేదు. సినిమా హాలు గేటుకి కట్టిన దండలు, ఆకాశమంత కటౌటు, పాలాభిషేకం, ఊరి పేరూ హీరో పేరూ కలిపి రాయించిన బ్యానరు, మొదటి ఆట టిక్కెట్ల కోసం తెల్లవారకుండానే తోపులాట. ఆ హీరో రక్తమాంసాలున్న మనిషి. ఆయనకి జ్వరం వస్తే వీళ్ళు కొబ్బరికాయలు కొడతారు, ఎన్నికల్లో నిలబడితే వీళ్ళు జెండాలు మోస్తారు.

మరి ఆ హీరో కాగితం మీద గీసిన ఎలుకో, బాతో, నక్కో అయితే? దానికి జ్వరం రాదు. ముసలితనం రాదు. హఠాత్తుగా పెళ్ళి చేసుకుని అభిమానుల గుండెలు పగలగొట్టడం అసలే ఉండదు. అయినా సంఘాలున్నాయి. ఇవాళ నిన్నటివి కావు, దగ్గర దగ్గర వందేళ్ళ చరిత్ర ఉన్నవి.

ఈ మాట ఎత్తితే చాలు, ‘అదో బొమ్మల పిచ్చి లెండి’ అని అందర్నీ ఒకే గాటన కట్టేస్తారు మనవాళ్ళు. మనవాళ్ళేమిటి, వాళ్ళ దేశంలో వాళ్ళూ అంతే. నా అభ్యంతరమంతా ఆ గాటతోనే. ఇంకొందరుంటారు, ‘ఓస్, ఇంతేనా! మనకి హనుమంతుడు లేడూ? పంచతంత్రంలో కరటక దమనకులు మాట్లాడలేదూ?’ అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. మాట్లాడే జంతువులు ఏ దేశంలో లేవు గనక! హనుమంతుడికి ఉన్నది భక్తులు. కరటక దమనకులకి ఉన్నది పాఠకులు. భక్తుడు వేరు, పాఠకుడు వేరు, అభిమాని వేరు. ఆ అభిమానుల్లోనూ ఎన్ని రకాలున్నాయో చూడాలంటే ముందు ఎలుక దగ్గరకి వెళ్ళాలి.

1928 నవంబరులో ‘స్టీమ్‌బోట్ విల్లీ’ అనే చిన్న బొమ్మల చిత్రంతో మిక్కీ మౌస్ జనానికి పరిచయమయ్యాడు. ఆ మరుసటి ఏడాదే అమెరికాలో షేర్ల బజారు కూలింది, ఉద్యోగాలు ఊడాయి, సినిమా హాళ్ళలో కుర్చీలు ఖాళీ పడ్డాయి. కాలిఫోర్నియాలో ఓషన్ పార్క్ అనే సముద్రపుటొడ్డు పేటలో ఫాక్స్ డోమ్ అని ఒక హాలుండేది. దాని మేనేజరు హ్యారీ వుడిన్ బుర్రలో పుట్టింది ఈ క్లబ్బు ఆలోచన. శనివారం మధ్యాహ్నం పిల్లలందర్నీ పోగుచెయ్యడం, వాళ్ళలోనే ఒక పెద్ద మిక్కీనీ ఒక పెద్ద మిన్నీనీ ఎన్నుకోవడం, పాటలు పాడించడం, పెద్దల మాట వింటాం, అబద్ధాలాడం అని ప్రమాణం చేయించడం, ఆఖర్న సినిమా. డిస్నీవారు 1930లో దాన్ని అందిపుచ్చుకుని దేశమంతా పరిచారు. ఊళ్ళో ఏ దుకాణదారుని ఎలా పట్టుకోవాలో, పుట్టినరోజు పిల్లలకి కేకు ఏ బేకరీ చేత ఇప్పించాలో హాళ్ళ మేనేజర్లకి పుస్తకాలే వేసి పంపారు. 1932 నాటికి సభ్యులు పది లక్షలని వాళ్ళ లెక్క.

పది లక్షలమంది అభిమానులే, కాదనను. కానీ ఒక్క సంగతి గమనించండి. ఆ పిల్లల్లో ఒక్కరు కూడా ఈ సంఘం పెట్టలేదు. పెట్టింది హాలువాడు, పెంచింది కంపెనీవాడు, కేకు ఇచ్చింది బేకరీవాడు. పిల్లలు వచ్చి కూర్చున్నారు. అందుకేనేమో, 1930ల మధ్యకి వచ్చేసరికి కంపెనీ చెయ్యి వెనక్కి తీసుకోగానే చాలామటుకు మూతపడ్డాయి. 1955లో టెలివిజన్లో మళ్ళీ అదే పేరుతో కార్యక్రమం వచ్చింది, దేశంలో పిల్లలందరి నెత్తిమీదా నల్లచెవుల టోపీలు మొలిచాయి. అదీ నాలుగేళ్ళ ముచ్చటే. పై నుంచి కిందికి కట్టిన సంఘాలు అవి. వాటిని ‘క్లబ్బు’ అందాం.

బాతు కథ దీనికి పూర్తిగా తిరగేసినట్టుంటుంది. నవలలు రాసుకుని బతికేదాన్ని గనక నాకు ఎలుక మీద కన్నా బాతు మీదే ప్రేమ, దాచుకోను.

డోనాల్డ్ డక్ 1934లో తెర మీదికొచ్చాడు. చొక్కా ఉంటుంది, లాగు ఉండదు, కోపం మాత్రం ముక్కు మీద ఉంటుంది, అదే, ముక్కుతోపాటు పుట్టింది. డిస్నీ స్టూడియోలో పనిచేసే కార్ల్ బార్క్స్ అనే ఆయన 1942లో ఆ ఉద్యోగం మానేసి, అదే బాతు మీద బొమ్మల పుస్తకాలకి కథలు రాసి, బొమ్మలు గీసి ఇవ్వడం మొదలెట్టాడు. నెలనెలా పది పేజీలు, పైన పెద్ద సాహసగాథలు. బంగారు నాణాల్లో ఈతలు కొట్టే పిసినారి స్క్రూజ్ బాబాయిని 1947లో సృష్టించింది ఆయనే. అన్నీ చేశాడు గాని, ఒక్క పుస్తకం మీద కూడా ఆయన పేరు లేదు. అప్పటి రివాజు అది. బొమ్మ ఎవరు గీసినా సంతకం వాల్ట్ డిస్నీది. ఇరవై ఏళ్ళు అలా గడిచాయి. మన వారపత్రికల్లో రచయిత్రుల పేర్ల వెనక మగవాళ్ళు రాసిన రోజులున్నాయి, అది వాళ్ళు ఏరికోరి వేసుకున్న ముసుగు. ఈయనకి ముసుగు కూడా లేదు, అసలు మనిషే లేడు లోకానికి.

అయితే పిల్లలు మాయ చెయ్యడానికి లొంగుతారు గాని మోసానికి లొంగరు. అదే పత్రికలో అదే బాతుని పదిమంది గీస్తుంటే, వాళ్ళలో ఒకడు మాత్రం వేరని కొందరు కనిపెట్టేశారు. పేరు తెలియదు కనక ‘మంచి బాతుబొమ్మలాయన’ అని వాళ్ళలో వాళ్ళే ఒక పేరు పెట్టుకున్నారు. వాళ్ళు పెరిగి పెద్దవాళ్ళయి, ప్రకాశకులకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, 1960 ప్రాంతంలో మొత్తానికి ఆయన ఆచూకీ పట్టుకున్నారు. మొదటి అభిమాని ఉత్తరం అందుకున్నప్పుడు, ఎవరో స్నేహితుడు ఆటపట్టిస్తున్నాడని అనుమానపడ్డాడట ఆ పెద్దమనిషి! అప్పటికి ఆయనకి అరవై ఏళ్ళు. 1966లో విశ్రాంతి తీసుకున్నాడు. ఆ తరవాత, ఆ అభిమానుల ప్రోద్బలంతోనే, కంపెనీ అనుమతితో తన బాతుల్నే తైలవర్ణాల్లో వేసి తన పేరుతో అమ్ముకున్నాడు. తొంభైతొమ్మిదేళ్ళు బతికి 2000లో పోయాడు. పోయేనాటికి ఆయన పేరు తెలియని బొమ్మల ప్రేమికుడు లేడు. రచయితకి పేరు సంపాదించి పెట్టిన పాఠకులు ఇంతకన్నా ఎక్కడున్నారో నాకు చెప్పండి.

ఈ బాతు యూరపు వెళ్ళాక ఏమయిందో అదింకా తమాషా. జర్మనీలో 1951లో ‘మిక్కీ మౌస్’ పత్రిక మొదలైంది. కామిక్కులంటే పిల్లల్ని పాడుచేసే చెత్త అని అక్కడి బడిపంతుళ్ళు మండిపడుతున్న రోజులవి. ఆ పత్రికకి అనువాదకురాలూ ప్రధాన సంపాదకురాలూ డాక్టర్ ఎరికా ఫుక్స్. కళాచరిత్రలో పట్టా పుచ్చుకున్న ఇల్లాలు. ఆవిడ బాతుల చేత షిల్లర్నీ గేథేనీ తలపించే మాటలు పలికించింది. ఎవరి పాత్రకి తగ్గ భాష వాళ్ళకి పెట్టింది. పాత్ర నిట్టూరిస్తే, ఆలోచిస్తే, ఆ క్రియకి ఉన్న ప్రత్యయం కత్తిరించేసి ఒట్టి ధాతువుని బొమ్మ పక్కన నిలబెట్టింది. జర్మన్ పిల్లలు అలా మాట్లాడ్డం మొదలెట్టారు, పెద్దయినా మానలేదు. పండితులు సరదాకి ఆ ప్రయోగానికి ‘ఎరికాటివ్’ అని పేరు పెట్టారు, ఆవిడ పేరు మీదుగానే. అనువాదం చేసేవాళ్ళకి మన దగ్గర దక్కే మర్యాద తలుచుకుంటే, ఆ ఒక్క మాటకే ఆవిడ మీద నాకు కాస్త అసూయ.

ఆ బాతుని చదువుతూ పెరిగినవాళ్ళే ‘డోనాల్డిస్టులు’. 1973లో నార్వేలో యోన్ గిస్లే అనే ఆయన ‘డోనాల్డిజం’ మీద ఒక పుస్తకమే రాశాడు. 1977లో జర్మనీలో సంఘం వెలిసింది. దాని పొట్టిపేరు ‘డి.ఓ.ఎన్.ఎ.ఎల్.డి.’, అంటే బాతు పేరే. అసలు పేరు బారెడుంటుంది. అందులో ముఖ్యమైన మాట ‘వ్యాపారేతర’ అన్నది. పెట్టినాయన హాన్స్ ఫాన్ స్టార్క్, తరవాత పెద్ద వాతావరణ శాస్త్రజ్ఞుడయ్యాడు. వీళ్ళ సిద్ధాంతం ఏమిటంటే, బార్క్స్ ఆ కథలు కల్పించలేదు, బాతుల ఊరి నుంచి నిజంగా జరిగినవి నివేదించాడు అంతే. కనక ఆ ఊరు ఎక్కడుంది, అక్కడ డబ్బు విలువెంత, బాతులకి కొన్ని బొమ్మల్లో పళ్ళు ఎందుకు కనిపిస్తాయి అని పరిశోధన చేస్తారు. సభలు పెట్టి, ముఖంలో నవ్వు రానీకుండా వ్యాసాలు చదువుతారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని పెద్ద దినపత్రికలో సాహిత్య పుటలు చూసే డోనాల్డిస్టులు ఫుక్స్‌గారి వాక్యాలు శీర్షికల్లో దొంగచాటుగా దూర్చేవారు, తెలిసినవాళ్ళు చదివి నవ్వుకునేవాళ్ళు. మన అవధానాల్లో అప్రస్తుత ప్రసంగి ఉంటాడు చూడండి, ఆ జాతి హాస్యం. వీళ్ళు ఎవరూ బాతు వేషం వేసుకోవాలనుకోరు. బాతు మీద పాండిత్యం సంపాదిస్తారు. ఎలుకగారి క్లబ్బు పిల్లలకీ వీళ్ళకీ ఉన్న దూరం, హాల్లో ఈల వేసేవాడికీ సినిమా మీద సిద్ధాంత వ్యాసం రాసేవాడికీ ఉన్నంత.

ఇక మూడోరకం. అసలు గొడవంతా వీళ్ళ మీదే. ‘ఫర్రీలు’ అంటారు. ఫర్ అంటే జంతువుల ఒంటిమీది మెత్తటి బొచ్చు.

1976లో మినియాపొలిస్‌లో రీడ్ వాలర్, కెన్ ఫ్లెచర్ అనే ఇద్దరు బొమ్మలవాళ్ళు ‘వూటీ’ అనే ఒక పత్రిక మొదలెట్టారు. పత్రిక అంటే అంగట్లో దొరికేది కాదు. ప్రతి సభ్యుడూ తన పేజీలు తనే గీసుకుని, కావలసినన్ని కాపీలు తీయించి, ఒక చోటికి పంపాలి. అక్కడ ఒకాయన అన్నీ కలిపి కుట్టి తలా ఒక ప్రతి పంపిస్తాడు. మన ఊళ్ళలో లిఖిత పత్రికలు నడిపిన తాతయ్యలకి ఇది వివరించక్కర్లేదు. జంతువుల బొమ్మలంటే పిల్లలకే అని బజారు తీర్మానించేసిన కాలంలో, పెద్దవాళ్ళ కథలు కూడా జంతువులతో చెప్పుకుందాం అన్నది వాళ్ళ పట్టు. అది 1983లో ఆగితే, ‘రౌర్‌బ్రాజిల్’ అనేది అందుకుంది.

మధ్యలో 1980లో బోస్టన్‌లో జరిగిన ప్రపంచ సైన్సుకథల మహాసభలో స్టీవ్ గలాచీ ఒక వర్ణచిత్రం పెట్టాడు. సైనిక దుస్తుల్లో ఉన్న ఒక పిల్లి. కవ్వింపు లేదు, వెక్కిరింపు లేదు, డిస్నీ కితకితలు లేవు. యుద్ధంలో అలిసిన ముఖం. ఆ బొమ్మ చుట్టూ చేరినవాళ్ళు ఏడాదికేడాది కలుస్తూ వచ్చారు. ఆయన తరవాత తెచ్చిన ‘ఆల్బీడో’ అనే పుస్తకంలోనే, 1984లో, స్టాన్ సకాయ్ గీసిన కుందేలు సమురాయ్ ‘ఉసాగి యొజింబో’ తొలిసారి అచ్చయింది. అటు లాస్ ఏంజెల్స్‌లో జపాను బొమ్మల చిత్రాల వీడియోటేపులు తెప్పించుకుని చూసే బృందం ఒకటి 1977 నుంచీ ఉంది. వాళ్ళలో మార్క్ మెర్లినో, ఆయన సహచరుడు రాడ్ ఓ’రైలీ 1986 నుంచి సైన్సుకథల సభల్లో హోటలు గదులు తీసుకుని ‘ఫర్రీ పార్టీ’ అని గోడలకి కాగితాలు అంటించడం మొదలెట్టారు. పేరు అలా స్థిరపడింది. 1989 జనవరిలో కాలిఫోర్నియాలోని కోస్టా మేసాలో తమకంటూ మొదటి సభ పెట్టుకున్నారు. వచ్చినవాళ్ళు 65 మంది. మా కాలనీ వినాయకచవితి పందిట్లో అంతకన్నా ఎక్కువమంది ఉంటారు.

వీళ్ళనీ మొదటి రెండు రకాలనీ విడదీసే గీత ఏమిటని చాలా చదివాను. నాకు తోచింది ఒకటే. ఆ జంతువు ఎవరిది? మిక్కీ కంపెనీవాడిది. డోనాల్డ్ కంపెనీవాడిదే అయినా అభిమానులు వెతికి వెతికి దాన్ని బార్క్స్‌కీ ఫుక్స్‌కీ అప్పగించారు. ఫర్రీల దగ్గరకొచ్చేసరికి ఆ జంతువు ఎవరికి వాళ్ళదే. సభ్యుడన్నవాడు తనకోసం ఒక తోడేలునో నక్కనో, ఒక్కోసారి డ్రాగన్‌నో ఊహించుకుని, దానికి పేరూ రంగూ స్వభావమూ పెట్టుకుంటాడు. దాన్ని ‘ఫర్‌సోనా’ అంటారు. లాటిన్‌లో పెర్సోనా అంటే నాటకంలో తొడుక్కునే ముసుగు. గీతకారుడికి డబ్బిచ్చి ఆ బొమ్మ వేయించుకుంటాడు. చేతిలో ఉంటే దాని తొడుగు కుట్టించుకుంటాడు. అది వేల డాలర్ల పని, ఆ భోగం కొద్దిమందికే. వాళ్ళ మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసిన మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెప్పేదీ అదే. మనం ఫోటోల్లో చూసే తొడుగులవాళ్ళు సంఘంలో ఒక భాగమేగాని సంఘమంతా కాదు. మిగతావాళ్ళు బొమ్మలు గీసేవాళ్ళు, కథలు రాసేవాళ్ళు, ఊరికే చూసి సంతోషించేవాళ్ళు.

ఇది పట్టుకుంటే మిగిలిన చిక్కుముళ్ళు చాలామటుకు విడిపోతాయి. క్రికెట్ మైదానంలో, దుకాణాల ముందు జంతువు తొడుగులో గంతులేసేవాళ్ళున్నారు, వాళ్ళది జీతం. సినిమాలో పాత్రలా ముస్తాబై ఉత్సవాలకి వెళ్ళే కాస్‌ప్లేవాళ్ళది ఇంకొకరి పాత్ర. 2010లో వచ్చిన పొట్టిగుర్రాల టీవీ బొమ్మల కథ ‘మై లిటిల్ పోనీ’ చూసి, మీసాలొచ్చిన మగవాళ్ళు కూడా పడిపోయి ‘బ్రోనీలు’ అని సంఘం కట్టారే, వాళ్ళు ఒక్క కథకే కట్టుబడ్డవాళ్ళు. వాళ్ళ పెద్ద సభ 2011లో మొదలై 2019లో ముగిసింది. ఇక తాము లోలోపల నిజంగా జంతువులమే అని నమ్మేవాళ్ళు కొందరున్నారు, ‘థేరియన్లు’ అంటారు. వాళ్ళది అభిమానం కాదు, విశ్వాసం. తోడేలుమనుషుల కథలు చదివేవాళ్ళ మధ్యనుంచి 1990లలో వచ్చారు వాళ్ళు. ఫర్రీల్లో చాలామందికి తాము మనుషులమన్న విషయంలో ఏ సందేహమూ లేదు. ముసుగు వేసుకున్నవాడికి అది ముసుగని తెలుసు. దసరా పులివేషగాడికి తెలియదూ?

వాళ్ళలో వాళ్ళకీ ఈ నిర్వచనం దగ్గర తగువులు తక్కువేం కాదు. పెద్దవాళ్ళ కథలు అన్నారు కదా, అందులో శృంగారం బొమ్మలూ వచ్చి చేరాయి. ‘వీటివల్లే మన పరువు పోతోంది, వీళ్ళని వెళ్ళగొట్టాలి’ అని 1998లో ‘బర్న్‌డ్ ఫర్స్’ పేరుతో ఒక వర్గం లేచింది. వెళ్ళగొట్టడానికి ఇదేమన్నా రిజిస్టరయిన సొసైటీయా? కార్డు లేదు, చందా లేదు, అధ్యక్షుడు లేడు. ఎవరు ఎవర్ని వెళ్ళగొడతారు? కొన్నాళ్ళకి ఆ వర్గమే చెదిరిపోయింది. నన్నడిగితే, అచ్చులో శృంగారమున్న ఏ సాహిత్యాన్నయినా అదొక్కటే అందులో ఉన్నట్టు మాట్లాడ్డం పాత అలవాటు. ఆడవాళ్ళు రాసిన నవలలు ఆ మాట ఎన్నిసార్లు పడలేదు!

పేర్లు కలగాపులగమైతే పోయేదేముంది అనిపించవచ్చు. 2014 డిసెంబరు 7, ఆదివారం తెల్లవారుజామున షికాగో పక్కన రోజ్‌మాంట్‌లో ఫర్రీల సభ జరుగుతున్న హోటల్లో ఎవరో మెట్లదారిలో క్లోరిన్ పొడి పోశారు. ఆ గాలికి ఊపిరాడక 19 మంది ఆసుపత్రిలో చేరారు. వేలమంది చలిలో బయటికి వచ్చేశారు, కొందరు తొడుగులతోనే. కావాలని చేసిన పనే అని పోలీసులు అన్నారు. మర్నాడు ఒక అమెరికన్ టీవీలో ఆ వార్త వస్తుంటే కార్యక్రమం నడిపే ఆవిడ నవ్వు ఆపుకోలేక కెమెరా ముందునుంచి లేచి వెళ్ళిపోయింది. పందొమ్మిదిమంది ఆసుపత్రిలో ఉన్న వార్త అది. అదే గాలి ఒక దంతవైద్యుల సభలో వదిలి ఉంటే నవ్వేదా?

ఆ తరవాత 2021, 22ల్లో ఇంకోటి పుట్టింది. బళ్ళలో ఫర్రీ పిల్లలకోసం పిల్లులు మలవిసర్జన చేసే ఇసక తొట్టెలు పెడుతున్నారట అని. మిషిగన్‌లో ఒక జిల్లా బడుల అధికారి అలాంటిదేం లేదని ప్రకటన ఇచ్చుకోవలసి వచ్చింది. నెబ్రాస్కాలో ఒక శాసనసభ్యుడు సభలో ఆ మాటే అనేసి, తరవాత అబద్ధమని తేలి క్షమాపణ చెప్పాడు. 2025లో టెక్సాస్ శాసనసభలో, బళ్ళలో పిల్లలు జంతువుల్లా ప్రవర్తించకూడదని ఏకంగా బిల్లే పెట్టారు. లేని తొట్టెకి ఉన్న చట్టం! ఫర్రీకీ, థేరియన్‌కీ, ఊరికే పిల్లి చెవుల పట్టీ తలకి పెట్టుకున్న ఎనిమిదేళ్ళ పిల్లకీ తేడా తెలియనివాళ్ళు కలం పట్టుకుంటే అలాగే ఉంటుంది.

పిట్స్‌బర్గ్ అనగానే అమెరికా వెళ్ళొచ్చిన మనవాళ్ళకి పెన్ హిల్స్ కొండమీది వేంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. 1970లలో కట్టిన గుడి, చుట్టుపక్కల రాష్ట్రాల నుంచి కార్లు కట్టుకుని వచ్చి మొక్కులు తీర్చుకుంటారు. ఆ ఊరికే 2006 నుంచి వేసవిలో ఫర్రీల ‘ఆంత్రోకాన్’ సభ కూడా వస్తుంది. 1997లో ఆల్బనీలో చిన్నగా మొదలైన ఈ సభకి ఈమధ్య వచ్చేవాళ్ళు పదివేలు దాటిపోయారు. ఏటా ఒక జంతు సంరక్షణ సంస్థకి విరాళం పోగుచేసి ఇస్తారు. మొదట్లో ఊరు వింతగా చూసింది. ఇప్పుడు తొడుగులవాళ్ళ ఊరేగింపు చూడ్డానికి పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. తొడుగు తలకాయ లోపల ఉక్కపోత, సరిగా కనబడదు, అందుకని ఒకరు పక్కన చెయ్యి పట్టుకుని నడిపిస్తారు. పిల్లల ఎదుట తల తీయకూడదని వాళ్ళలో ఒక మర్యాద. తీయాలంటే దానికి ఒక ప్రత్యేకమైన గది ఉంటుంది, లోపల పెద్ద పెద్ద ఫ్యాన్లు, మంచినీళ్ళు. బయట దాహమేస్తే ఎలాగంటారా? సభ దగ్గర హోటళ్ళవాళ్ళు అది కూడా నేర్చుకున్నారు. నక్క వచ్చి బల్ల దగ్గర కూర్చుంటే, సోడా గ్లాసుతోపాటు పొడుగాటి స్ట్రా అడక్కుండానే తెచ్చి పెడతారు.